షికాగోలో మూడు రోజులు: కారు పక్కన పెట్టి ఊరు చూడటం ఎలా

లాంగ్ వీకెండ్ దగ్గర పడిందంటే మన వాట్సాప్ గ్రూపుల్లో ముందుగా వచ్చే ప్రశ్న "ఎవరి కారు తీస్తున్నాం?" అనే. నేను షికాగో శివారులో పదేళ్ళకు పైగా ఉంటున్నాను. ఇండియా నుంచి వచ్చిన అత్తమామలకు, డల్లాస్ నుంచి వచ్చిన బావగారి కుటుంబానికి, ఒహాయోలో చదువుకునే తమ్ముళ్ళకు, ఇలా ఎంతోమందికి ఈ ఊరు చూపించాను. అందరికీ మొదట చెప్పేది ఒకటే: కారు పక్కన పెట్టండి.

ఇది అనుభవం మీద చెబుతున్న మాట. మేము కొత్తగా వచ్చినప్పుడు మూడు కుటుంబాలు కలిసి రెండు కార్లలో డౌన్‌టౌన్‌కు వెళ్ళాం. పదకొండింటికి పడవ టికెట్లు. పార్కింగ్ కోసం ముప్పావు గంట తిరిగాం. పడవ వెళ్ళిపోయింది. చివరికి ఒక వీధిలో ఖాళీ కనిపిస్తే ఆనందంగా కారు పెట్టి, స్తంభం మీద ఒకదాని కింద ఒకటి ఉన్న మూడు బోర్డుల్లో పైదాన్ని మాత్రమే చదివాం. సాయంత్రం తిరిగొచ్చేసరికి ఒక కారు లేదు, టో చేసి తీసుకుపోయారు. ఆ రాత్రి పిల్లలను ఎత్తుకుని కారు విడిపించుకోవడానికి పడ్డ టెన్షన్ ఇప్పటికీ మా ఇంట్లో చెప్పుకుంటాం. ఆ తర్వాత అదే ఊరిని రైల్లో, పడవలో, కాలినడకన చూశాక తెలిసింది, ఇన్నాళ్ళూ మేము చూసింది పార్కింగ్ గ్యారేజీలను అని.

అందుకే ఈ మార్గదర్శి మొత్తం కారు లేకుండా తిరిగేవాళ్ళ కోసం. శుక్రవారం సాయంత్రం దిగి, సోమవారం సాయంత్రం తిరుగు విమానం ఎక్కే లెక్కన రాస్తున్నాను.

మొదటి అడుగు: ఏ నెలలో వెళ్ళాలో తేల్చుకోవడం

మే చివరి నుంచి అక్టోబరు మధ్య దాకా మంచి కాలం. నన్నడిగితే సెప్టెంబరు. ఎండ మెత్తబడుతుంది, స్కూళ్ళు తెరిచేస్తారు కాబట్టి రద్దీ తగ్గుతుంది, పడవలు ఇంకా పూర్తిగా నడుస్తుంటాయి. జులై చివర, ఆగస్టు మొదట్లో గ్రాంట్ పార్కులో నాలుగు రోజుల లొల్లపలూజా సంగీతోత్సవం జరుగుతుంది. అక్టోబరు రెండో ఆదివారం మారథాన్ ఉంటుంది. ఆ రోజుల్లో హోటల్ ధరలు ఆకాశంలో ఉంటాయి, సగం రోడ్లు మూసేస్తారు. వాటి కోసమే వెళ్ళేవాళ్ళు తప్ప మిగతావాళ్ళు తేదీలు మార్చుకోవడం మేలు.

జనవరి, ఫిబ్రవరిలో హోటళ్ళు చాలా చవక. కానీ మైనస్ 10, మైనస్ 15 డిగ్రీల సెల్సియస్ కొత్తేమీ కాదు, దానికి తోడు సరస్సు మీది నుంచి కోసే గాలి. పడవలు ఉండవు. ఇండియా నుంచి వచ్చిన పెద్దవాళ్ళను ఆ నెలల్లో తీసుకురావద్దని గట్టిగా చెబుతాను. మ్యూజియంలు తీరిగ్గా చూడాలనుకునే విద్యార్థులకైతే ఆ కాలం పనికొస్తుంది. డౌన్‌టౌన్‌లో చాలా భవనాలను కలుపుతూ పెడ్‌వే అనే భూగర్భ నడకదారి ఉంది, చలిలో అది కాస్త ఆదుకుంటుంది. అందులో కొన్ని భాగాలు వారాంతంలో మూసి ఉంటాయని గుర్తుంచుకోండి.

రెండో అడుగు: హోటల్ ఎక్కడ

మూడు పేర్లు తెలిస్తే చాలు. లూప్ అంటే పైన రైలు పట్టాలు చుట్టు తిరిగే పాత డౌన్‌టౌన్. నదికి ఉత్తరాన ఉండేది రివర్ నార్త్. అక్కడి నుంచి మిషిగన్ అవెన్యూ వెంట పైకి వెళ్తే మాగ్నిఫిసెంట్ మైల్. ఈ మూడింటిలో ఎక్కడున్నా నడిచి తిరగొచ్చు. లూప్‌లో ఎక్కువగా ఆఫీసు పనుల మీద వచ్చేవాళ్ళు దిగుతారు కాబట్టి వారాంతంలో అక్కడ ధర తగ్గడం తరచుగా చూస్తాం. ఇరవై డాలర్లు మిగులుతాయని విమానాశ్రయం దగ్గరో శివారులోనో గది తీసుకుంటే రోజుకు రెండు గంటలు ప్రయాణానికే పోతాయి. మూడు రోజుల ట్రిప్పులో ఆ ఆరు గంటలకు విలువెక్కువ.

గది ధర చూసేటప్పుడు చివరి పేజీ దాకా వెళ్ళి మొత్తం చూడండి. షికాగోలో హోటల్ పన్నులే 17 శాతం పైన పడతాయి. కొన్ని హోటళ్ళు దానిమీద "డెస్టినేషన్ ఫీజు" కూడా వేస్తాయి.

నేపర్‌విల్‌లోనో అరోరాలోనో చుట్టాలింట్లో దిగేవాళ్ళు చాలామంది ఉంటారు. వాళ్ళకు మెట్రా రైలు ఉంది. బీఎన్‌ఎస్‌ఎఫ్ లైన్ అరోరా నుంచి నేపర్‌విల్ మీదుగా యూనియన్ స్టేషన్‌కు వస్తుంది, ప్రయాణం గంట అటూఇటూ. స్టేషన్ దగ్గర కారు పెట్టేసి వచ్చేయొచ్చు. మెట్రాకు వారాంతపు పాసు కూడా ఉంది, శని ఆదివారాలు ఎన్నిసార్లయినా తిరగొచ్చు. అయితే ఒక్క రాత్రైనా డౌన్‌టౌన్‌లో ఉండండి. రాత్రి పది గంటలకు నది ఒడ్డున నడవడం, చివరి రైలు ఎప్పుడా అని గడియారం చూసుకునేవాళ్ళకు కుదిరేది కాదు.

మూడో అడుగు: విమానాశ్రయం నుంచి ఊళ్ళోకి

ముందుగా ఒక మాట. 2025 మే 7 నుంచి అమెరికా లోపలి విమానాలకు కూడా రియల్ ఐడీ ప్రమాణాలున్న లైసెన్సు కావాలి. అది లేనివాళ్ళు, విజిటర్ వీసా మీద వచ్చిన అమ్మానాన్నలు పాస్‌పోర్టు వెంట ఉంచుకోవాలి.

ఓహేర్‌లో దిగితే బ్లూ లైన్ రైలు ఎక్కండి. ఒకటి, రెండు, మూడు టెర్మినళ్ళ నుంచి నడిచే వెళ్ళొచ్చు. అంతర్జాతీయ విమానాలు ఎక్కువగా దిగే ఐదో టెర్మినల్ నుంచైతే ముందు విమానాశ్రయం లోపల తిరిగే ఉచిత రైలు ఎక్కి మిగతా టెర్మినళ్ళ వైపు రావాలి. ఓహేర్ చివరి స్టేషన్ కాబట్టి ఏ రైలు ఎక్కినా ఊళ్ళోకే పోతుంది, దిక్కు గురించి కంగారు లేదు. ఇరవై నాలుగు గంటలూ నడుస్తుంది. లూప్‌కు 45 నిమిషాలు. అక్కడ ఎక్కితే టికెట్ 5 డాలర్లు, మిగతా స్టేషన్లలో దాదాపు అందులో సగం. విడిగా టికెట్ కొనే పనిలేదు, ట్యాప్ చేసే బ్యాంకు కార్డో ఫోనో గేటుకు తాకిస్తే చాలు. రోజుకు నాలుగైదు సార్లు ఎక్కేవాళ్ళు ఇక్కడి రైళ్ళు, బస్సుల టికెట్లకు వాడే వెంట్రా యాప్‌లో ఒక రోజు, మూడు రోజుల పాసుల ధర చూసి తీసుకోండి. మిడ్‌వే విమానాశ్రయంలో దిగితే ఆరెంజ్ లైన్, అది అరగంటలోపే లూప్‌కు చేరుస్తుంది.

రాత్రి బాగా పొద్దుపోయాక రైలెక్కితే ఖాళీ పెట్టె చూసి సంబరపడొద్దు. మనుషులున్న పెట్టెలోనే, వీలైతే డ్రైవరుండే మొదటి పెట్టెలో కూర్చోండి. నలుగురైదుగురు, పెద్ద సూట్‌కేసులు, నిద్రమొహం పిల్లలు ఉన్నప్పుడు మాత్రం మొహమాటపడకుండా క్యాబ్ తీసుకోండి.

నాలుగో అడుగు: ఊరి లెక్క అర్థం చేసుకోవడం

ఇది పది నిమిషాల పని, మూడు రోజులూ ఉపయోగపడుతుంది. షికాగోలో స్టేట్ వీధి, మాడిసన్ వీధి కలిసే చోటు సున్నా. ప్రతి చిరునామా అక్కడి నుంచి కొలిచిందే. 800 నంబర్లకు ఒక మైలు. పాత వాటర్ టవర్ చిరునామా 806 నార్త్ మిషిగన్, అంటే మాడిసన్‌కు మైలు ఉత్తరాన. ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్ 111 సౌత్ మిషిగన్, మాడిసన్ దాటి కొంచెం దక్షిణాన. ఈ రెండింటి మధ్య నడక ఎంతో ఫోను తీయకుండానే చెప్పొచ్చు. సరస్సు ఎప్పుడూ తూర్పే. దిక్కు తెలియకపోతే నీళ్ళు ఎటున్నాయో చూసుకుంటే సరిపోతుంది.

మ్యాప్ తికమక పెట్టే చోటు ఒకటుంది. నది పక్కన వాకర్ డ్రైవ్ రెండు, కొన్నిచోట్ల మూడు అంతస్తుల రోడ్డు. కింది అంతస్తులో ఫోనుకు సిగ్నల్ సరిగ్గా అందక చుక్క ఎక్కడెక్కడో గెంతుతుంది. క్యాబ్ పిలిచినప్పుడు మీరు పై రోడ్డు మీద, డ్రైవరు సరిగ్గా మీ కాళ్ళ కింద ఉండి "వచ్చేశాను, మీరెక్కడ?" అని అడగడం ఇక్కడ మామూలే. అక్కడి నుంచి ఒక వీధి లోపలికి నడిచి పిలవండి.

ఐదో అడుగు: మొదటి రోజు, మిషిగన్ అవెన్యూ

శనివారం పొద్దున్నే మిలీనియం పార్కుకు వెళ్ళండి. పార్కు తెరిచే వేళకు అక్కడ ఉంటే, అందరూ "బీన్" అని పిలిచే క్లౌడ్ గేట్ కాసేపు మీ ఒక్కరిదే. ముంబైలో పుట్టిన అనీశ్ కపూర్ చేసిన శిల్పం, 168 స్టెయిన్‌లెస్ స్టీల్ పలకలు, 110 టన్నుల బరువు. వాటి అతుకులు ఎంత వెతికినా కనిపించవు. అందరూ బయట నిలబడి ఫొటో దిగి వెళ్ళిపోతారు. మీరు దాని కిందికి వెళ్ళి తల పైకెత్తండి. పైన బొడ్డులా లోపలికి పోయిన చోట మీ బొమ్మే సాగి, వంగి, నాలుగైదుగా చీలి తిరుగుతుంది. మా అత్తయ్య అక్కడ నిలబడి, తను చెయ్యి ఊపుతుంటే పైన ఎన్ని చేతులు ఊగుతున్నాయో లెక్కపెడుతూ పావుగంట కదల్లేదు. వేసవిలో పిల్లలుంటే పక్కనే ఉన్న క్రౌన్ ఫౌంటెన్ కోసం ఒక జత బట్టలు సంచిలో పెట్టుకోండి. 50 అడుగుల తెరల మీద మనుషుల ముఖాలు కనిపిస్తాయి, వాటి నోట్లోంచి నీళ్ళు చిమ్ముతాయి. పిల్లలు తడవకుండా రారు.

పదింటికి రోడ్డు దాటి షికాగో కల్చరల్ సెంటర్‌కు వెళ్ళండి. 1897లో గ్రంథాలయంగా కట్టిన భవనం, ప్రవేశం ఉచితం. పైన 38 అడుగుల వెడల్పున్న టిఫానీ గాజు గోపురం ఉంది. వేల గాజు ముక్కలు చేప పొలుసుల్లా పేర్చి ఉంటాయి. బయట పదివేలమంది నడుస్తుంటారు, లోపలికి వచ్చేవాళ్ళు కొద్దిమందే. శుభ్రమైన టాయిలెట్లు కూడా ఇక్కడే, డౌన్‌టౌన్‌లో అది చిన్న విషయం కాదు.

ఆ తర్వాత ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్. మంగళ, బుధవారాలు సెలవు, మిగతా రోజుల్లో పదకొండింటికి తెరుస్తారు. రెండు కంచు సింహాలున్న ఈ భవనం ముందు మన తెలుగువాళ్ళు ఒక్క నిమిషం ఆగాలని నా కోరిక. 1893 సెప్టెంబరు 11న స్వామి వివేకానంద విశ్వమత మహాసభలో మాట్లాడింది ఈ భవనంలోనే. ఆ ప్రయాణానికి ముందు, అదే ఏడాది ఫిబ్రవరి 13న, సికింద్రాబాద్ మహబూబ్ కాలేజీలో ఆయన పడమటి దేశాలకు ఎందుకు వెళ్తున్నారో చెబుతూ ప్రసంగించారు. సికింద్రాబాద్‌లో ఆ కాలేజీ ముందు నుంచి ఎన్నోసార్లు బస్సులో వెళ్ళినవాణ్ణి నేను. జులైలోనే ఇక్కడికి చేరి, సభ సెప్టెంబరులో అని తెలిసి, చేతిలో డబ్బు తరిగిపోయి బోస్టన్ వైపు వెళ్ళి, తిరిగొచ్చాక చిరునామా పోగొట్టుకుని రైల్వే యార్డులో ఒక రాత్రి పడుకున్నారు. అప్పుడాయన వయసు 30. ఇప్పుడు భవనం ముందున్న మిషిగన్ అవెన్యూ భాగానికి స్వామి వివేకానంద వే అని గౌరవనామం ఉంది, వీధి మూలన గోధుమరంగు బోర్డు కోసం చూడండి.

లోపల అన్నీ చూడాలని పెట్టుకోకండి. రెండున్నర గంటలు చాలు. ఫ్రెంచ్ చిత్రకారుడు సురా చుక్కలు చుక్కలుగా వేసిన పెద్ద బొమ్మ దగ్గర కూర్చోండి. ముందు దగ్గరగా వెళ్ళి చుక్కలు చూసి, తర్వాత పది అడుగులు వెనక్కి రండి. హాపర్ 1942లో వేసిన రాత్రిపూట రెస్టారెంట్ దృశ్యం, గ్రాంట్ వుడ్ గీసిన పొలంపని దంపతుల్లా కనిపించే ఇద్దరు, వాన్ గో పడకగది. ఈ నాలుగూ చూసి, ఓపిక ఉంటే భారతీయ శిల్పాల గ్యాలరీకి వెళ్ళండి. పెద్దవాళ్ళకు చక్రాల కుర్చీ కావాలంటే ప్రవేశం దగ్గర అడగండి, సిగ్గుపడాల్సిన పనేం లేదు.

ఆరో అడుగు: పైనుంచి చూడటం, ఒక్కసారే

ఎత్తయిన భవనాలు రెండు ఉన్నాయి, రెండూ ఎక్కక్కర్లేదు. విల్లిస్ టవర్ 110 అంతస్తులు, 1,451 అడుగులు. పాత పేరు సియర్స్ టవర్. 1973 నుంచి పాతికేళ్ళ పాటు ప్రపంచంలోకెల్లా ఎత్తైన భవనం. 103వ అంతస్తులో బయటికి పొడుచుకొచ్చిన గాజు పెట్టెలో నిలబడి కాళ్ళ కింద వీధిని చూడొచ్చు. రెండోది పాత జాన్ హాన్‌కాక్ సెంటర్, ఇప్పుడు దాన్ని 875 నార్త్ మిషిగన్ అంటారు. 94వ అంతస్తులో వీక్షణ స్థలం.

గాజు పెట్టె సరదా కావాలంటే విల్లిస్. ఊరు అందంగా కనిపించాలంటే మాత్రం నేను హాన్‌కాక్‌నే ఎంచుకుంటాను. ఒక పక్క సరస్సు, మరో పక్క ఆకాశహర్మ్యాల గుంపు, రెండూ చేతికందేంత దగ్గరగా ఉంటాయి. సూర్యాస్తమయానికి ముప్పావు గంట ముందు సమయానికి టికెట్ తీసుకుంటే పగలు, సంధ్య, దీపాలు మూడూ ఒకే టికెట్‌తో చూడొచ్చు. మబ్బు పట్టిన రోజు ఎక్కకండి, తెల్లగోడ చూసి దిగాలి.

ఈ రెండు భవనాల వెనకా ఒకే ఇంజనీరు ఉన్నారని పిల్లలకు చెప్పండి. ఫజ్లుర్ రహమాన్ ఖాన్, 1929లో పుట్టిన ఢాకావాసి, కలకత్తా పక్కన శిబ్‌పూర్ ఇంజనీరింగ్ కాలేజీలో కూడా చదివారు. భవనాన్ని లోపలి స్తంభాల మీద కాకుండా బయటి గోడనే గొట్టంలా బలంగా చేసి నిలబెట్టడం ఆయన ఆలోచన. విల్లిస్ అలాంటి తొమ్మిది గొట్టాల కట్ట. కొన్ని గొట్టాలు మధ్యలో ఆగిపోతే మిగిలినవి పైకి పోతాయి. హాన్‌కాక్ మీద కనిపించే పెద్ద పెద్ద అడ్డకమ్మీలు అలంకారం కాదు, గాలి తోపును మోసేవి అవే. ఇది తెలిసి చూస్తే భవనం వేరేగా కనిపిస్తుంది.

ఏడో అడుగు: రెండో రోజు, నీళ్ళ మీద

డబ్బు ఒక్కదాని మీదే పెట్టగలిగితే నది పడవ మీద పెట్టండి. ఈ మాట నేను ఏ మొహమాటమూ లేకుండా చెబుతాను. షికాగో ఆర్కిటెక్చర్ సెంటర్ నడిపే యాత్ర గంటన్నర, టికెట్ 50 డాలర్ల పైనే. ఖరీదే. అయినా దానికి తగ్గదే. వివరించేవాళ్ళు నెలల తరబడి శిక్షణ తీసుకున్న వాలంటీర్లు, ఊరంటే ప్రాణం పెట్టేవాళ్ళు. వసంతం నుంచి నవంబరు దాకా నడుస్తుంది. వేసవి వారాంతాలకు వారం ముందే టికెట్లు అయిపోతాయి. మిషిగన్ అవెన్యూ వంతెన దగ్గర, నదికి దక్షిణపు ఒడ్డున మెట్లు దిగాలి. అరగంట ముందే వెళ్ళి పై డెక్ మీద సీటు పట్టుకోండి. టోపీ, చలికోటు రెండూ ఉంచుకోండి.

ఎక్కేముందు మూడు సంగతులు తెలిస్తే యాత్ర ఇంకా బాగుంటుంది. 1871 అక్టోబరులో ఈ ఊరు కాలిపోయింది. దాదాపు 300 మంది చనిపోయారు, లక్ష మందికి ఇల్లు లేకుండా పోయింది. ఖాళీ అయిన నేల మీద కొత్తగా కట్టాల్సి రావడం, భూమి ధర పెరగడం, ఉక్కు, లిఫ్టు అందుబాటులోకి రావడం, ఇవన్నీ కలిసి ఆకాశహర్మ్యాన్ని పుట్టించాయి. 1885లో పది అంతస్తుల హోమ్ ఇన్సూరెన్స్ భవనం ఇక్కడే లేచింది. ఇక నది సంగతి. మురుగు నీరు సరస్సులోకి పోయి తాగునీరు పాడవుతోందని 1900లో కాలువ తవ్వి నది ప్రవాహాన్నే వెనక్కి తిప్పారు. మీ పడవ తేలేది సరస్సు వైపు పోవాల్సింది పోయి సరస్సు నుంచి బయటికి పారే నీళ్ళ మీద.

దారిలో మరీనా సిటీ జంట భవనాలు వస్తాయి, అచ్చం మొక్కజొన్న కంకుల్లా. కింది 19 అంతస్తులు కార్లకే. అంచున ముక్కు బయటికి పెట్టి ఆగిన కార్లను కింద పడవలోంచి చూస్తే గుండె ఝల్లుమంటుంది.

దిగాక వంతెన దాటి ట్రిబ్యూన్ టవర్ గోడ దగ్గరికి నడవండి. ప్రపంచంలోని ప్రసిద్ధ కట్టడాల నుంచి తెచ్చిన రాళ్ళు గోడలో పొదిగి ఉంటాయి, కింద పేర్లు చెక్కి ఉంటాయి. గీజా పిరమిడ్, చైనా గోడ, తాజ్‌మహల్. తాజ్ ముక్కను ముందు కనిపెట్టినవాళ్ళకు ఐస్‌క్రీమ్ అని పిల్లలతో పందెం వేయండి. మా ఇంట్లో ఈ పందెం ప్రతి చుట్టంతోనూ జరుగుతుంది. అక్కడి నుంచి మిషిగన్ అవెన్యూ వెంట మైలు లోపే నడిస్తే అగ్నిప్రమాదాన్ని తట్టుకుని నిలిచిన 1869 నాటి వాటర్ టవర్. ఇంకొంచెం ముందుకు పోయి భూగర్భ మార్గంలో రోడ్డు దాటితే ఓక్ స్ట్రీట్ బీచ్.

ఇక్కడ చెప్పులు విప్పి కూర్చోండి. మొదటిసారి చూసేవాళ్ళెవరూ ఇది సరస్సని నమ్మరు. అలలున్నాయి, ఇసుక ఉంది, అవతలి ఒడ్డు లేదు. మిషిగన్ సరస్సు విస్తీర్ణం 58 వేల చదరపు కిలోమీటర్లు, తెలంగాణలో సగం కంటే ఎక్కువ. మా మామయ్య విశాఖ మనిషి. దోసిట్లో నీళ్ళు తీసుకుని పెదాలకు తాకించి, "ఉప్పు లేదురా!" అని ఎంత ఆశ్చర్యపోయారో.

ఎనిమిదో అడుగు: తిండి

డీప్ డిష్ పిజ్జా ఒక్కసారి తినండి. 1943లో ఇక్కడ మొదలైంది. గిన్నెలాంటి పిండి గోడ, లోపల చీజ్, పైన టమాటా సాస్. కాలడానికే ముప్పావు గంట పడుతుంది, కాబట్టి బాగా ఆకలయ్యాక వెళ్ళకండి. పెద్దవాళ్ళకు రెండు ముక్కలు ఎక్కువ. నలుగురికి మీడియం చాలు. పాలకూర వేసిన శాకాహార పిజ్జా చాలాచోట్ల దొరుకుతుంది, మిరపగింజల పొడి అడిగి చల్లుకుంటే మన నోటికి కుదురుతుంది. ఊరివాళ్ళు మామూలుగా తినేది మాత్రం పల్చగా, కరకరలాడుతూ, చదరాలుగా కోసే టావర్న్ పిజ్జా. నిజం చెప్పాలంటే నాకు అదే ఇష్టం.

ఇటాలియన్ బీఫ్ అనే శాండ్‌విచ్ ప్రతి మూలా కనిపిస్తుంది, షికాగో హాట్‌డాగ్‌లోనూ మామూలుగా బీఫే ఉంటుంది. తిననివాళ్ళు ముందే అడగండి. రెస్టారెంట్ బిల్లు మీద పన్ను 11 శాతం చుట్టూ పడుతుంది, దానిమీద టిప్పు 18 నుంచి 20 శాతం. గుంపుగా వెళ్తే టిప్పు బిల్లులోనే కలిపేస్తారు, రెండోసారి ఇవ్వకుండా బిల్లు చదవండి.

తొమ్మిదో అడుగు: మూడో రోజు, ఇంట్లో ఎవరున్నారో దాన్నిబట్టి

పిల్లలుంటే మ్యూజియం క్యాంపస్. ఫీల్డ్ మ్యూజియంలో సూ అనే టైరనోసారస్ ఎముకల గూడు, పక్కనే షెడ్ అక్వేరియం, నేల చివర ఆడ్లర్ ప్లానెటేరియం. రెండు చూడబోయి ఒకటీ సరిగ్గా చూడకపోవడం ఇక్కడ జరిగే పొరపాటు. ఒకటే తీసుకోండి. అక్వేరియంకు వేళ ముందే బుక్ చేయాలి. ఏది చూసినా చివర్లో ఆడ్లర్ దాకా నడవండి, నీళ్ళ అవతల ఊరంతా ఒక్క వరుసలో కనిపించే చోటు అదే. ఫ్యామిలీ ఫొటో అక్కడ. ఇల్లినాయ్‌లో ఉండేవాళ్ళకు మ్యూజియంలు కొన్ని రోజులు ఉచితంగా తెరుస్తాయి, చిరునామా ఉన్న ఐడీ చూపించాలి. ఖర్చు వద్దనుకుంటే లింకన్ పార్క్ జూ ఏడాదంతా ఉచితం.

అమ్మానాన్నలు వెంట ఉంటే నేను ఉత్తరం వైపు తీసుకెళ్తాను. రెడ్ లైన్‌లో హోవర్డ్ దాకా, అక్కడ పర్పుల్ లైన్‌కు మారి చివరి స్టేషన్ లిండెన్. ఐదారు నిమిషాల నడకలో విల్మెట్ బహాయి మందిరం. ఢిల్లీ లోటస్ టెంపుల్ చూసినవాళ్ళకు ఇది దాని అక్కలాంటిది. 1953లో ప్రారంభమైంది. తొమ్మిది ముఖాలు, గోడంతా తెల్లని లేసు అల్లినట్టు. వంగి చూస్తే ఆ అల్లికలో అన్ని మతాల గుర్తులూ కలిసిపోయి ఉంటాయి. లోపల ఎవరైనా కూర్చోవచ్చు, మాట్లాడకూడదు, అంతే. మా అమ్మ అక్కడ కళ్ళు మూసుకుని అరగంట కూర్చుంది.

తిరుగుదారిలో లొయోలా స్టేషన్‌లో దిగి 155 నంబరు బస్సెక్కితే డెవాన్ అవెన్యూ. చీరల కొట్లు, మిఠాయి దుకాణాలు, దోసె, బిర్యానీ. ఒక భాగానికి గాంధీ మార్గ్ అని, మరో భాగానికి జిన్నా వే అని గౌరవనామాలున్నాయి. అమెరికాలో మనవాళ్ళందరికీ తెలిసిన పటేల్ బ్రదర్స్ 1974లో మొదలైంది ఈ వీధిలోనే. అరోరాలోని వెంకటేశ్వరస్వామి గుడి కూడా చూడాలంటే అది డౌన్‌టౌన్‌కు దాదాపు 40 మైళ్ళు, మూడు రోజుల్లో ఇరికించకండి. చుట్టాలు అటువైపు ఉంటే వాళ్ళింట్లో ఇంకో రాత్రి ఉండి పొద్దున్నే సుప్రభాతానికి వెళ్ళండి.

పదో అడుగు: తిరుగు ప్రయాణం

సోమవారం పొద్దున గది ఖాళీ చేసి సామాను హోటల్ దగ్గరే పెట్టమనండి, ఏ హోటలైనా ఉంచుతుంది. విమానానికి ముందు గంట మిగిలితే బ్రౌన్ లైన్ ఎక్కి లూప్ చుట్టూ ఒక చక్కరు కొట్టండి. 1897 నుంచి ఉన్న చుట్టుపట్టా ఇది. మలుపు దగ్గర చక్రాలు కీచుమంటాయి, రైలు రెండో అంతస్తు ఎత్తులో భవనాల మధ్య దూరిపోతుంది, ఆఫీసుల్లో బల్లల మీది కాఫీ కప్పులు కూడా కనిపిస్తాయి. క్విన్సీ స్టేషన్‌లో దిగండి, చెక్క పనితనంతో పాతకాలపు రూపానికి మళ్ళీ తెచ్చారు. ఇంటికి పట్టుకెళ్ళడానికి కారమెల్, చీజ్ కలిపిన గారెట్ పాప్‌కార్న్ కొనండి, డబ్బా కాకుండా సంచి అయితే చవక.

ఓహేర్‌కు విమానం వేళకు మూడున్నర గంటల ముందు హోటల్ వదిలి బ్లూ లైన్ ఎక్కండి. ఆ సమయంలో కెన్నెడీ ఎక్స్‌ప్రెస్‌వే మధ్యలో మీ రైలు పరిగెడుతుంటే రెండు పక్కలా కార్లు బారులు తీరి ఆగి ఉంటాయి. కిటికీ పక్క సీటు పిల్లలకివ్వండి.